విలియం స్టిల్

విలియం స్టిల్ (అక్టోబరు 7, 1821 – జూలై 14, 1902) అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసత్వ నిర్మూలనకు కృషి చేసిన నల్లజాతి నాయకుడు, రచయిత, వ్యాపారి. దక్షిణాది రాష్ట్రాల నుండి తప్పించుకొని వచ్చిన వందలాది బానిసలకు ఫిలడెల్ఫియా నగరంలో ఆశ్రయం కల్పించి, కెనడా తదితర ప్రాంతాలకు చేర్చాడు. ఈ రహస్య సహాయ వ్యవస్థను అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అని పిలిచేవారు. పేరులో రైలుమార్గం ఉన్నప్పటికీ ఇది పట్టాలు, సొరంగాలు కలది కాదు; ఒకరి ఇంటి నుండి మరొకరి ఇంటికి సాగిన ప్రయాణం.

కుటుంబ నేపథ్యం

న్యూజెర్సీ రాష్ట్రంలోని బర్లింగ్టన్ కౌంటీలో, 18 మంది సంతానంలో చివరివాడుగా జన్మించాడు. తండ్రి లెవిన్ మేరీలాండ్‌లో బానిసగా ఉండి, సొమ్ము చెల్లించి స్వేచ్ఛ పొందాడు. తల్లి సిడ్నీ నలుగురు పిల్లలతో పారిపోయి పట్టుబడింది. రెండవసారి ఇద్దరు కుమార్తెలను మాత్రమే వెంట తీసుకొని, లెవిన్, పీటర్ అనే కుమారులను విడిచి రావలసి వచ్చింది. యజమాని ఆ బాలురను దూరప్రాంతానికి అమ్మివేశాడు. తల్లి తన పేరును ఛారిటీగా మార్చుకొంది. కుటుంబం స్టిల్ అనే ఇంటిపేరుతో స్థిరపడింది.

సోదరునితో సమాగమం

స్టిల్‌కు పాఠశాల చదువు అంతగా లేదు. చదవడం, వ్రాయడం స్వయంకృషితో నేర్చుకొన్నాడు. 1844లో ఫిలడెల్ఫియా చేరి, 1847లో పెన్సిల్వేనియా బానిసత్వ వ్యతిరేక సంఘంలో గుమాస్తాగా చేరాడు. 1850లో అలబామా నుండి ఒక వ్యక్తి తన తల్లిదండ్రులను వెదుకుతూ ఆ కార్యాలయానికి వచ్చాడు. అతడు చెప్పిన పేర్లు, వివరాలు వింటూ ఉండగా, ఆ వచ్చినవాడు తాను ఎన్నడూ చూడని అన్న పీటర్ అని స్టిల్ గ్రహించాడు. మరొక అన్న లెవిన్ బానిసత్వంలోనే మరణించాడు. తండ్రి కూడా అప్పటికి గతించాడు. తల్లి మాత్రం జీవించి ఉంది. సుమారు నలభై ఏళ్ళ తరువాత కుమారుని చూడగలిగింది.

రహస్య నమోదులు

ఈ సంఘటన తరువాత స్టిల్ తన వద్దకు వచ్చినవారి వివరాలను మరింత శ్రద్ధగా వ్రాసిపెట్టాడు. పాత పేరు, కొత్త పేరు, వయస్సు, యజమాని పేరు, విడిచి వచ్చిన భార్యాబిడ్డల సంగతి అందులో ఉండేవి. విడిపోయిన కుటుంబాలు తిరిగి కలవడానికి ఇవి ఆధారమవుతాయని ఆయన ఉద్దేశం. కాని ఇది సాహసకార్యమే. 1850 నాటి చట్టం ప్రకారం పారిపోయిన బానిసకు సహాయం చేసినవారికి 1000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉండేవి. ఆ కాగితాలు అధికారులకు చిక్కితే ఆశ్రయం పొందినవారికీ, ఇచ్చినవారికీ కూడా ప్రమాదమే. అందువల్ల వాటిని రహస్యంగా దాచాడు. 1852లో పునర్వ్యవస్థీకరించిన విజిలెన్స్ కమిటీలో కార్యనిర్వాహక బాధ్యత ఆయనదే. 1855లో జేన్ జాన్సన్ అనే స్త్రీని, ఆమె ఇద్దరు కుమారులను విడిపించిన కేసులో విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు.

గ్రంథం, తరువాతి జీవితం

అంతర్యుద్ధానంతరం 1872లో ఈ నమోదుల ఆధారంగా "ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్" అనే బృహద్గ్రంథాన్ని ప్రచురించాడు. ఆశ్రయమిచ్చినవారి ఔదార్యం కంటే పారిపోయి వచ్చినవారి ధైర్యానికే ఇందులో ప్రాధాన్యం కనిపిస్తుంది. ఈ గ్రంథం విశిష్టత అదే. బొగ్గు వ్యాపారంలో బాగా రాణించాడు. ఫిలడెల్ఫియా ట్రాములలో నల్లవారిపై ఉన్న నిషేధానికి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పోరాడాడు; 1867లో ఆ వివక్షను రాష్ట్ర చట్టం రద్దు చేసింది. కుమార్తె కరోలిన్ వైద్యురాలైంది. 1902లో ఫిలడెల్ఫియాలో మరణించాడు.