ఒక ప్లేటు, ఎన్నో కాపీలు: నిజాం ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్

రాజమండ్రిలోనైనా, భీమవరంలోనైనా పెళ్లి ఫోటోలు తీసేవాళ్లను కదిపితే ఒకటే గోడు. ఆల్బమ్ ఇచ్చేసి, డబ్బులు ముట్టాక మళ్లీ ఫోన్ వస్తుంది. బాబాయి ఒక్క ఫోటోలోనూ లేడని, తీసినవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేయమని. ఇస్తే పని పెరుగుతుంది, ఇవ్వకపోతే మాట పడాలి. ఈ పేచీ సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిందేమీ కాదు. నూట ఇరవై ఏళ్లకు ముందే సికింద్రాబాద్‌లో ఒక స్టూడియోకి రోజూ ఇలాంటి అడుగుళ్లు వచ్చేవి. అడిగేవాళ్లు మామూలు మనుషులు కూడా కాదు, నవాబులు, వైస్రాయ్‌లు, దొరలు. ఆ స్టూడియో యజమాని లాలా దీన్‌దయాళ్.

ఆయన మన తెలుగు నేల మీద పుట్టలేదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో చేరారు. ఉద్యోగం ఎస్టిమేట్లు వేయడం, నక్షాలు గీయడం. పని మొదలవకముందే ఖర్చు లెక్క కట్టడం నేర్చిన మనిషి అన్నమాట. ఫోటోగ్రఫీ ఆ తర్వాత పట్టిన పిచ్చి. ఇండోర్ మహారాజా తుకోజీరావు అండగా నిలిచారు. సెంట్రల్ ఇండియా ఏజెంట్ లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి తీసిన కట్టడాల ఫోటోలు 1886లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికే వైస్రాయ్ ఫోటోగ్రాఫర్ అన్న హోదా చేతికొచ్చింది. సర్కారీ నౌకరీ వదిలేసి హైదరాబాద్ దారి పట్టారు.

ఇక్కడ ఆ కాలం పని ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. ఫోటో పడేది గాజు ప్లేటు మీద. కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణం పట్టించిన కాగితాన్ని ఆ ప్లేటుకి ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగేది. తర్వాత బంగారు లవణం నీళ్లలో రంగు తేర్చి, హైపోలో ముంచి, బాగా కడిగి ఆరబెట్టాలి. ఎండ లేకపోతే పని సాగదు, వానాకాలంలో తిప్పలే. ప్లేటు ఎంత ఉంటే ప్రింటు అంతే. పెద్ద సైజు కావాలంటే ముందే చెప్పాలి, అందుకు పెద్ద కెమెరా, పెద్ద ప్లేటు బయటికి తీయాలి. తీసిన తర్వాత పెద్దది చేసివ్వమంటే అంత తేలిక కాదు.

అదే సైజులో ఇంకో పది కాపీలంటే మాత్రం పేచీ ఉండదు. ఖర్చంతా ప్లేటు దగ్గరే అయిపోతుంది కదా! కెమెరా, రసాయనాలు, మనుషులు, ప్రయాణం, ఆ ఒక్క క్షణం కోసం పడిన పాట్లు. ఆ తర్వాత ప్రతి కాపీకి కాగితం, మందు, ఎండ, కూలీ. లెక్కల చదువు చదివినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫోటో స్టూడియోలకి అసలు లాభం కనపడేది మళ్లీ మళ్లీ వచ్చే ఆర్డర్లలోనే. కాబట్టి అదనంగా అడిగే గిరాకీ తలనొప్పి కాదు, బేరం.

అయితే ఆ బేరం నిలవాలంటే ఒక షరతుంది. ప్లేటు స్టూడియో దగ్గరే ఉండాలి. గిరాకీ కొనేది ప్రింటు, ప్లేటు కాదు. దీన్‌దయాళ్ స్టూడియో ప్లేటు మీదే నంబరు రాసేది, అది ప్రింటు మూలలో కూడా కనపడుతుంది. మరో కాపీ కావాలంటే ఆ నంబరు పట్టుకుని ప్లేటు వెతకొచ్చు. ఆ రోజుల్లో పెద్ద స్టూడియోలన్నీ చేసిన పనే ఇది, దీన్‌దయాళ్ కనిపెట్టింది కాదు. కానీ వేల ప్లేట్లు ఉన్నచోట దాన్ని తప్పకుండా పాటించడం మాటలు కాదు.

దర్బారు సంగతి వేరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1894లో ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుని రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే ఖితాబు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. వేట, కవాతు, విందు, మహళ్లు, వచ్చిన అతిథులు, అన్నీ తీయాలి. ఒక వేట ఫోటోకి ఎంతమంది హక్కుదారులో చూడండి. పులి పక్కన నిలబడ్డవాళ్లందరికీ తలా ఒకటి కావాలి. 1902లో వరంగల్ దగ్గర నెక్కొండలో లార్డ్ కర్జన్ దంపతులు చచ్చిన పులితో దిగిన ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనపడుతూనే ఉంటుంది. అదే దీన్‌దయాళ్ స్టూడియో ఔరంగాబాద్ జిల్లాలో నిజాం సర్కారు చేపట్టిన కరువు సహాయ పనుల్ని కూడా తీసింది. మన గోదావరి రాజమండ్రి చేరకముందు పైఠన్ మీదుగా దాటి వచ్చే జిల్లా అది. ఆ ఫోటోల్లో ఉన్న కూలీలు మాత్రం కాపీ అడిగి ఉండరు.

అన్నిటికన్నా సున్నితమైన వ్యవహారం ఆడవాళ్ల ఫోటోలది. ప్లేటు స్టూడియోలో ఉంటే ఎప్పుడైనా ఎన్ని కాపీలైనా తీయొచ్చు, నిజమే. పరదా పాటించే ఇంటికి భయం కూడా అక్కడే మొదలవుతుంది. ఆ కాపీ ఎవరి చేతికి పోతుందో? అసలు కెమెరా వెనక ఉన్నది ఎవరు? 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల పనంతా ఆడవాళ్లదే, బాధ్యత చూసింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. గిరాకీకి ఏం ఇబ్బందో ముందే కనిపెట్టి, అందుకు తగ్గట్టు వేరే ఏర్పాటు చేయడమే ఇది. కాకినాడ, రాజమండ్రి వైపు ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్ల పందిట్లోకి లేడీ ఫోటోగ్రాఫరే రావాలని ఈరోజు అడిగే కుటుంబాలకు ఆ జాగ్రత్త విలువ చెప్పక్కర్లేదు.

అయినా అప్పటి అదనానికీ ఇప్పటి అదనానికీ తేడా ఉంది. అప్పుడు అడిగింది ఫోటోగ్రాఫర్ బాగుందని ఒప్పుకున్న బొమ్మకే ఇంకో కాపీ. ఇప్పుడు అడిగేది ఆయన పక్కన పడేసిన వందల ఫోటోల్ని, కళ్లు మూసుకుపోయినవీ, వెలుగు చాలనివీ కలిపి. కాగితం ఖర్చు పోయింది కాబట్టి ఊరికే వస్తుందని గిరాకీ అనుకుంటాడు. కూర్చుని ఏరడం, దిద్దడం ఎవరికీ కనపడదు.

1896లో దీన్‌దయాళ్ బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. మరుసటి ఏడు విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్‌గా నియామక పత్రం వచ్చింది. 1904లో కొడుకు ధరమ్‌చంద్ పోయారు, 1905 జూలై 5న ఆయనా బొంబాయిలో కన్నుమూశారు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ స్టూడియో నడిపారు గానీ ఆనాటి వైభవం తిరిగి రాలేదు.

అమ్మేసిన ప్రింట్లు ఎక్కడెక్కడికో పోయాయి. ఇవ్వకుండా దాచిన గాజు ప్లేట్లలో 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 1989లో ఆ సంస్థ వాటిని కొనుక్కుంది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది.