తాకట్టు లెక్క అడిగిన తరిమెల నాగిరెడ్డి

అనంతపురం జిల్లాలో తాకట్టు అంటే ఏంటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వేరుశనగ విత్తనాలు కొనాలన్నా, ఆడపిల్ల పెళ్లి చేయాలన్నా ఇంట్లో బంగారం బ్యాంకుకు పోతుంది. వాన మొహం చాటేస్తే ఆ బంగారం మళ్లీ ఇంటికి రావడం కష్టమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ నేల మీద పుట్టిన తరిమెల నాగిరెడ్డి, అదే తాకట్టు మాటను దేశం మొత్తానికి వాడారు. అది కూడా కోర్టు బోనులో నిలబడి.

1917లో తరిమెల గ్రామంలో పెద్ద భూస్వామి ఇంట్లో ఆయన పుట్టారు. రిషివ్యాలీ, మద్రాసు లయోలా కాలేజీ, బనారస్ హిందూ యూనివర్సిటీల్లో చదివారు. అంత చదువుకుని హాయిగా బతకొచ్చు. కానీ కమ్యూనిస్టు అయ్యారు. యుద్ధం వల్ల జనం మీద పడే ఆర్థిక భారం గురించి పుస్తకం రాసినందుకు 1940లో జైలుకెళ్లారు. తన వాటా భూమిని కూలీలకు పంచిపెట్టారని జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1952 ఎన్నికల్లో అనంతపురం నుంచి ఆయన ఓడించింది ఎవర్నో కాదు, సొంత బావ నీలం సంజీవరెడ్డిని. 1957లో లోక్‌సభకు, 1962లో, 1967లో అసెంబ్లీకి గెలిచారు. ఓట్లకు కొదవ లేదు. అయినా 1969 మార్చిలో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసేశారు. పేదోడికి భూమి ఇప్పించలేని సభలో కూర్చోవడం దండగని ఆయన నమ్మకం.

అసలు వివాదం ఇక్కడే మొదలైంది. సాయుధ పోరాటం తప్పదని నమ్మిన మనిషే, చారు మజుందార్ చెప్పిన వ్యక్తుల నిర్మూలన పద్ధతిని ఒప్పుకోలేదు. జనం కదలకుండా నలుగురు దళంగా వెళ్లి ఒక భూస్వామిని చంపితే అది విప్లవం కాదన్నారు. దాంతో సర్కారుకు ఆయన కుట్రదారు, సీపీఎంకు అతివాది, మజుందార్ మనుషులకు పిరికివాడు. అన్ని వైపుల నుంచీ తిట్లు తిన్నారు.

1969 చివర్లో అరెస్టు చేసి హైదరాబాద్ కుట్ర కేసు పెట్టారు. కోర్టులో ఆయన తన నిర్దోషిత్వం గురించి కాకుండా విదేశీ పెట్టుబడి, అప్పులు, భూమి ఎవరి చేతుల్లో ఉంది అన్న లెక్కలన్నీ విప్పారు. ఆ వాంగ్మూలమే ఆయన మరణం తర్వాత 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. అంకెలంటే భయపడే వాళ్లు కూడా ఓపిగ్గా చదవాల్సిన పుస్తకం అది. అందులో నినాదాల కన్నా పద్దులే ఎక్కువ.

ఎమర్జెన్సీలో మళ్లీ అజ్ఞాతంలోకి వెళ్లారు. అజ్ఞాతంలో ఉండగానే జబ్బు చేసి 1976 జూలై 28న హైదరాబాద్‌ ఉస్మానియా ఆసుపత్రిలో చనిపోయారు. దాదాపు ఏడాదికి, 1977 జూలైలో, బావ సంజీవరెడ్డి రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు.

ఇక వారసత్వం సంగతి. తర్వాతి దశాబ్దాల్లో అడవుల్లో తుపాకులు పట్టి దేశాన్ని కుదిపిన పీపుల్స్‌వార్, ఆ తర్వాత మావోయిస్టులు, చాలావరకు ఆయన కాదన్న దారి నుంచే వచ్చారు. అయినా నక్సలైట్ అనే ఒకే గాటన అందర్నీ కట్టేస్తారు. ఇటు ఆయన అనుచరులు చీలికల మీద చీలికలై, ఎవరికి వారు ఆయన ఫొటోకు దండ వేస్తున్నారు. జనాన్ని ముందు కూడగట్టాలన్న ఆయన మాట సరైనదే కావొచ్చు, కానీ ఆ పని సొంత జిల్లాలోనే పూర్తి కాలేదు. ఆయన దృష్టిలో వర్గమంటే ఉన్నోడు, లేనోడు. అనంతపురం పల్లెల్లో మాత్రం ఆ మాటకు ఏళ్ల తరబడి ఫ్యాక్షన్ అనే అర్థం. రెండు పెద్ద ఇళ్ల పగకు రెండు వైపులా పేదోళ్ల పిల్లలే చచ్చారు. పల్లె బ్యాంకుల్లో విత్తనాల కాలమొస్తే బంగారం తూచే త్రాసు ముందు క్యూ ఇప్పటికీ కనిపిస్తుంది.