నిద్రకు నోచని శిల్పి - గురుదత్తు

1964వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీ. బొంబాయి నగరమున పెడ్డర్ రోడ్డునందలి ఒక అద్దె యింట గురుదత్తు విగతజీవుడై కనిపించెను. అప్పటికాతని వయస్సు ముప్పది తొమ్మిదేండ్లు. మద్యమును, నిద్రమాత్రలును ఒకే రాత్రి ఒకే దేహమున కలిసినవి. అది తెలిసి చేసిన పనియా, పొరపాటా యన్న వివాదము నేటికిని తెగలేదు. కుటుంబమువారిలో కొందరు ప్రమాదమనియే విశ్వసించిరి. ఏదియైనను, ఆ కలయిక కెంతటి శక్తి కలదో ఆ యుదయము లోకమునకు తెలిపినది.

ఆతడు 1925 జూలై 9వ తేదీన బెంగుళూరులో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు వసంతకుమార్. మాతృభాష కొంకణి, బాల్యము గడచినది కలకత్తాలో. యౌవనారంభమున ఆల్మోరాలో ఉదయశంకరుని నృత్యకేంద్రమున శిక్షణ పొందెను. యుద్ధకాలపు టిబ్బందులలో 1944లో ఆ కేంద్రము మూతపడినది. కలకత్తాలో కొన్నాళ్ళు టెలిఫోను ఆపరేటరుగా పనిచేసి, పిదప పూనాలోని ప్రభాత్ సంస్థలో చేరెను. అచటనే దేవానందుతో స్నేహము కుదిరినది. ఆ స్నేహఫలముగా 1951లో ‘బాజీ’ చిత్రమునకు దర్శకుడయ్యెను. 1953లో సుప్రసిద్ధ గాయని గీతారాయ్‌ని వివాహమాడెను.

తెలుగువారితో ఆతనికొక అనుబంధము కలదు. 1955లో తాపీ చాణక్య దర్శకత్వమున వెలువడిన ‘రోజులు మారాయి’ చిత్రమున, కొసరాజు రచించిన ఏరువాక పాటకు నర్తించిన యువతి వహీదా రెహమాన్. ‘మిస్సమ్మ’ను హిందీలో తీయవచ్చునా యని చూచుటకు హైదరాబాదు వచ్చిన గురుదత్తు, ఆ పాటవలన ఆమెకు కలిగిన జనాదరణను గమనించెను. ‘మిస్సమ్మ’ తలంపు విడిచెను గాని, ఆ నర్తకిని బొంబాయికి ఆహ్వానించెను. హిందీ చిత్రసీమ కొక మహానటి ఆ విధముగా తెలుగునేలనుండి లభించినది.

1957లో వచ్చిన ‘ప్యాసా’ లోకమాదరించని కవి కథ. అది జనులను, విజ్ఞులను గూడ మెప్పించినది. 1959లో భారతదేశమున మొట్టమొదటి సినిమాస్కోపు చిత్రముగా ‘కాగజ్ కే ఫూల్’ తీసెను. కీర్తి కోల్పోయి, మద్యమునకు దాసుడై, తుదకు స్టూడియోలోనే ప్రాణము విడిచిన దర్శకుని కథ అది. వి. కె. మూర్తి ఛాయాగ్రహణమును నేడు లోకము కొనియాడుచున్నది. నాడు మాత్రము చిత్రము పరాజయము పొందినది. పిమ్మట ఆతడు ఏ చిత్రమునకును దర్శకుడుగా తన పేరు వేసికొనలేదు. 1962లో నిర్మించిన ‘సాహిబ్ బీబీ ఔర్ గులాం’లో భర్త ప్రేమకొరకు మద్యమును ముట్టి, దానికే బానిసయైన యిల్లాలి పతనమును చూపెను. తెరపై ఇంత స్పష్టముగా చూపిన యపాయమునుండి తన జీవితమును మాత్రము కాపాడుకొనలేకపోయెను.

ఆతనికి నిద్ర పట్టెడిది కాదు. సంసారము కలతలపాలైనది, పరాజయము మనసున ముల్లై నిలిచినది. రాత్రులు మద్యముతోడను, మాత్రలతోడను గడచినవి. ఇట్టి స్థితి కళాకారునికి భూషణమని భావించుట పెద్ద పొరపాటు. అది వ్యాధి, చికిత్స కోరు వ్యాధి.

మద్యమును నిద్రమాత్రయు ఒండొంటికి విరోధులైనచో ఇంత కీడు లేకపోవును. అవి ఒకే పని చేయు జంట. మెదడును శాంతింపజేయు సహజ రసాయనముయొక్క బలమును రెండును పెంచును. మెదడు అడుగుభాగమున, మన ప్రమేయము లేకయే రేయింబవళ్ళు శ్వాసను నడుపు కేంద్రము కలదు. రెండు మత్తులు కలిసినపుడు అదియు జోగును. ఊపిరి మందగించును, ఒక్కొక్కపుడు ఆగిపోవును. విడివిడిగా ప్రాణహాని చేయని మోతాదులు సైతము కలిసి హాని చేయగలవు. మత్తులో జ్ఞాపకము చెదరి, వేసికొన్న మాత్రనే మరల వేసికొనుటయు కలదు. స్పృహలేని స్థితిలో వాంతి గొంతున అడ్డుపడుట మరియొక గండము.

అలవాటు ఇంకొక మోసము చేయును. నాడు విరివిగా వాడిన బార్బిట్యురేటు మాత్రలకు మనసు త్వరగా అలవాటుపడి, నిద్రకై మోతాదు పెంచమనును. శ్వాసకేంద్రము అంతగా అలవాటుపడదు. అందువలన నిద్రకును మృత్యువునకును నడుమ నున్న దూరము దినదినము కుంచించుకొనిపోవును. 1960 తరువాత వచ్చిన కొత్త మందులు వానికన్న క్షేమకరములే గాని, మద్యముతో కలిసిన అవియు అపాయకరములే. నిద్రకొరకు మద్యము త్రాగుట కూడ వ్యర్థము. అది తొలిజామున కునుకు తెచ్చి, మలిజామున నిద్రను చెడగొట్టును.

కావున వైద్యుడు వ్రాసిన మాత్రను వైద్యుడు చెప్పినట్లే వాడవలెను; తనకు మద్యపు టలవాటున్నచో దాచక తెలుపవలెను; చాలకాలముగా వాడుచున్న మాత్రను తనంతట తాను హఠాత్తుగా మానరాదు. ఎవరైనను లేపినను లేవక, శ్వాస నెమ్మదించి యున్నచో నిద్రపోనిమ్మని విడువక, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, 108కి ఫోను చేయవలెను.

గురుదత్తు మరణించునాటికి ‘బహారే ఫిర్ భీ ఆయేంగీ’ నిర్మాణములో నుండెను. మరియొక నటునితో అది 1966లో పూర్తియయ్యెను. గీత 1972లో కాలేయవ్యాధితో కన్నుమూసెను. ముగ్గురు పిల్లలు తలిదండ్రుల నిరువురను కోల్పోయిరి. చరిత్ర చిత్రముల సంఖ్యను లెక్కించును. ఇంటి లోటును లెక్కింపదు.

1992 మొదలు అక్టోబరు 10వ తేదీని ప్రపంచ మానసిక ఆరోగ్య దినముగా పాటించుచున్నారు. అది గురుదత్తు వర్ధంతి దినమే యగుట యాదృచ్ఛికము. 2022లో అదే దినమున భారత ప్రభుత్వము టెలి-మానస్ సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసి, ఏ వేళనైనను ఉచితముగా, తెలుగులోనే మనసులోని బాధను చెప్పుకొనవచ్చును. నిద్రలేని ఆ రాత్రులలో గురుదత్తునకు అట్టి ద్వార మొకటి తెరచియుండలేదు. నేటి విద్యార్థికి కలదు. దానిని చూపవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది, తట్టుటకు సంకోచింపకుండుట విద్యార్థిది.