పద్నాలుగు రోజుల్లో పుట్టిన ఆట

బాస్కెట్‌బాల్ మైదానంలో రెండు చివరల రెండు ఇనుప వలయాలు కనిపిస్తాయి. ఆ వలయం నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున, అంటే సరిగా పది అడుగుల ఎత్తున ఉంటుంది. పెద్దల పోటీలు ప్రపంచంలో ఎక్కడ జరిగినా ఈ ఎత్తు మారదు. ఇది ఎవరో లెక్కలు కట్టి నిర్ణయించిన కొలత కాదు. వందేళ్లకు పూర్వం ఒక వ్యాయామశాలలోని బాల్కనీ ఆ ఎత్తున ఉండేది. ఒక ఉపాధ్యాయుడు దానికి రెండు పండ్ల గంపలను మేకులతో కొట్టాడు. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్.

నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో, ఆల్మాంట్ అనే ఊరికి సమీపాన జన్మించాడు. 1870లో విషజ్వరం సోకి తల్లిదండ్రులిద్దరూ కొద్ది రోజుల తేడాతో మరణించారు. తొమ్మిదేళ్ల జేమ్స్ అనాథ అయ్యాడు. అతణ్ణి, అతని అక్కను, తమ్ముణ్ణి అమ్మమ్మ, మేనమామ చేరదీశారు. మేనమామ పొలం పనులలో పిల్లలు కూడా పాలుపంచుకొనేవారు.

పనులు తీరిన వేళ ఆ ఊరి పిల్లలు ఒక ఆట ఆడేవారు. పెద్ద బండమీద ఒక చిన్న రాయిని నిలబెట్టి, దూరం నుంచి మరో రాయి విసిరి దానిని పడగొట్టాలి. గురి తప్పితే, తన రాయిని తెచ్చుకొనేలోగా కాపలావాడికి చిక్కకుండా తప్పించుకోవాలి. బలంకొద్దీ విసిరిన రాయి దూరంగా పోయి పడేది. నెమ్మదిగా, విల్లులా వంపు తిరిగేటట్లు విసిరిన రాయి బండ దగ్గరే పడేది. ఈ ఆటలో బలంకన్న నేర్పు ముఖ్యమని జేమ్స్ చిన్ననాడే గ్రహించాడు.

ఉన్నత పాఠశాలలో చదువు మధ్యలో మాని, అతడు కొన్నేళ్లు అడవిలో చెట్లు నరికే పనిలో చేరాడు. తరువాత తన తప్పు తెలుసుకొని, వయసు మీరిందని సిగ్గుపడక, తిరిగి అదే బడిలో చేరాడు. అక్కడి నుంచి మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పట్టభద్రుడయ్యాడు. మతబోధకుడు కావాలని వేదాంతశాస్త్రం కూడా చదివాడు. కాని ఆటలద్వారా కూడా యువకులకు మంచి నడవడి నేర్పవచ్చునని ఆయనకు తోచింది. 1890లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి వెళ్లి, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో చేరాడు. మరుసటి ఏడు అక్కడే ఉపాధ్యాయుడయ్యాడు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చలికాలం మంచు కురుస్తుంది. ఆరుబయట ఆటలు సాగవు. వ్యాయామశాల లోపల కసరత్తులు, కవాతులు చేయడమంటే విద్యార్థులకు విసుగు. పద్దెనిమిది మంది ఉన్న ఒక తరగతి మరీ మొండికేసింది. ఇద్దరు ఉపాధ్యాయులు వారిని అదుపులో పెట్టలేక చేతులెత్తేశారు. 1891 డిసెంబరులో ఆ తరగతి నైస్మిత్ చేతికి వచ్చింది. గదిలో ఆడదగిన కొత్త ఆటను పద్నాలుగు రోజులలో రూపొందించమని వ్యాయామ విభాగాధిపతి లూథర్ గులిక్ ఆయనను ఆదేశించాడు.

నైస్మిత్ మొదట తెలిసిన ఆటలనే మార్చి చూశాడు. ఫుట్‌బాల్ ఆడించాడు, లాక్రాస్ ఆడించాడు. ఇరుకైన గదిలో ఆటగాళ్లు ఒకరినొకరు ఢీకొని గాయపడ్డారు. గడువు ముగియవచ్చింది. పని మాత్రం కాలేదు.

అప్పుడు ఆయన ఓటమిని ఒప్పుకోలేదు. ఆటలను గురించి మొదటి నుంచి ఆలోచించాడు. ఆటగాడు బంతి పట్టుకొని పరుగెత్తడంవల్లనే ఇతరులు అతని మీద పడి అడ్డుకొంటున్నారు. బంతితో పరుగెత్తకూడదని నియమం పెడితే తోపులాట ఉండదు. గోలు నిలువుగా ఎదురుగా ఉన్నందువల్లనే బంతిని బలంగా కొట్టవలసి వస్తోంది. గోలును తల మీద, ఎత్తున, అడ్డంగా ఉంచితే బలం పనికిరాదు, గురి కావాలి. చిన్ననాటి రాళ్ల ఆట ఈ ఆలోచనకు దారి చూపింది.

ఆయన వ్యాయామశాల పనివాణ్ణి రెండు చెక్కపెట్టెలు తెమ్మని అడిగాడు. పెట్టెలు లేవు; పీచ్ పండ్ల గంపలు రెండు దొరికాయి. వాటినే బాల్కనీకి బిగించాడు. పదమూడు నియమాలు రాసి గోడకు అంటించాడు. బంతితో పరుగెత్తరాదు, భుజంతో తోయరాదు, పట్టుకోరాదు, కొట్టరాదు. 1891 డిసెంబరు 21న, జట్టుకు తొమ్మిది మంది చొప్పున, ఫుట్‌బాల్ బంతితో మొదటి ఆట జరిగింది. ఆ ఆటలో పడినది ఒకే ఒక గోలు. అయినా మొండికేసిన ఆ విద్యార్థులే ఆట వదలమంటే వదలలేదు. దీనికి నైస్మిత్ బంతి అని పేరు పెడదామని ఒక విద్యార్థి సూచించగా ఆయన నవ్వి కాదన్నాడు. గంపలతో ఆడే ఆట కనుక బాస్కెట్‌బాల్ అన్న పేరు స్థిరపడింది.

ఆట క్రమంగా మెరుగుపడింది. గంపలో పడిన బంతిని ప్రతిసారీ పైకెక్కి తీయవలసి వచ్చేది. కొంతకాలానికి గంపల స్థానంలో ఇనుప వలయం, అడుగు తెరచిన వల వచ్చాయి. బాల్కనీలోని ప్రేక్షకులు బంతిని అడ్డుకోకుండా వలయం వెనుక పలక అమర్చారు. బంతితో పరుగెత్తరాదు కనుక, ఆటగాళ్లు దానిని నేలకు కొడుతూ ముందుకు సాగడం కనిపెట్టారు. అదే డ్రిబ్లింగ్. జట్టుకు ఐదుగురు అన్న నియమం ఏర్పడింది. తోటివారికి బంతిని అందించడం, డ్రిబ్లింగ్ చేయడం, గురిచూసి వలయంలో వేయడం ఈ ఆటలో నేర్వవలసిన ముఖ్య నైపుణ్యాలు.

వయసు మళ్లినవారికి ఈ పరుగులు కష్టమయ్యాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన విలియం మోర్గాన్ వారికోసం 1895లో, దగ్గరలోని హోలియోక్ పట్టణంలో మరో ఆట రూపొందించాడు. నడుమ వల కట్టి, బంతిని నేల తాకనీయకుండా చేతులతో అటూ ఇటూ కొట్టే ఆ ఆటే వాలీబాల్. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. ఆ విధంగా స్ప్రింగ్‌ఫీల్డ్ వ్యాయామ విద్య దక్షిణ భారతదేశానికి అందింది.

నైస్మిత్ వైద్యశాస్త్రం కూడా చదివి, 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకు తొలి శిక్షకుడు ఆయనే. ఆయన శిక్షణలో జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడింది. గెలుపుకన్న విద్యార్థుల ఆరోగ్యం, సత్ప్రవర్తన ఆయనకు ముఖ్యం. 1930ల్లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి అక్కడ చదివాడు. వర్ణవివక్షవల్ల అతనికి విశ్వవిద్యాలయ జట్టులో ఆడే అవకాశం లేదు. నైస్మిత్ అతణ్ణి చేరదీసి, సలహాలిచ్చి, శిక్షకుడుగా ఎదగడానికి తోడ్పడ్డాడు. తరువాతి కాలంలో మెక్‌లెండన్ శిక్షణ ఇచ్చిన జట్టు 1957 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ విజేతగా నిలిచింది.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ తొలిసారిగా పతకాల పోటీ అయింది. ఈ ఆటతో నైస్మిత్ ధనం సంపాదించలేదు. అందువల్ల ఆట అభిమానులు విరాళాలు పోగుచేసి ఆయనను బెర్లిన్ పంపారు. వానలో తడిసిన ఆరుబయటి మైదానంలో తుది పోటీ జరిగింది. ఆయన పుట్టిన కెనడాపై, ఆయన స్థిరపడిన అమెరికా 19–8 తేడాతో గెలిచింది. ఎవరు గెలిచినా ఆయనకు సంతోషమే.

1939 నవంబరు 28న కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో నైస్మిత్ కన్నుమూశాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం ఆయన పేరనే ఉంది. కాని ఆయన తన ఆటకు తన పేరు పెట్టుకోలేదు. ఎవరూ దారికి తేలేని పద్దెనిమిది మంది విద్యార్థులను దండించక, వారికి నచ్చే ఆటను వెదికి ఇచ్చాడు. నేడు ప్రపంచమంతటా పిల్లలు, పెద్దలు ఆడుతున్నది ఆ ఆటే.