ఆర్సెనల్‌ పిలిచినా ఆగని డాక్టరు చదువు

క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. అదే నెలలో పీజీ సీటూ వచ్చింది. ఏది పట్టుకోవాలి, ఏది వదులుకోవాలి? కొన్ని ఇళ్లలో ఈ ప్రశ్న మీద వారాల తరబడి పంచాయితీ నడుస్తుంది. 1948 వేసవిలో లండన్‌ వెళ్లిన ఒక మెడికల్‌ స్టూడెంట్‌కీ ఇలాంటి చిక్కే వచ్చి పడింది. కాకపోతే అది ఇంకాస్త పెద్దది. ఒక పక్క కలకత్తాలో సగంలో ఉన్న ఎంబీబీఎస్‌. ఇంకో పక్క ఆ ఏడాదే ఇంగ్లండ్‌ లీగ్‌ ఛాంపియన్‌ అయిన ఆర్సెనల్‌ క్లబ్‌. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. చేతిలో మెడికల్‌ డిగ్రీ లేదు, ఉద్యోగమూ లేదు.

ఆయన పేరు తాలిమెరెన్‌ ఆవో. అందరూ టి.ఆవో అనేవారు. స్వతంత్ర భారతదేశం ఒలింపిక్స్‌కు పంపిన మొట్టమొదటి ఫుట్‌బాల్‌ జట్టుకు కెప్టెన్‌. మైదానం మధ్యలో ఆడే సెంటర్‌ హాఫ్‌.

గుడ్డపీలికల బంతి

ఆవో 1918 జనవరి 28న నాగా కొండల్లోని చాంగ్‌కీ అనే ఊళ్లో పుట్టారు. అప్పట్లో ఆ ప్రాంతం అస్సాం కింద ఉండేది. ‘ఆవో’ అంటే నాగాల్లో ఒక తెగ పేరు. తండ్రి సుబోంగ్వతి చర్చిలో పాస్టర్‌. ఇంట్లో మొత్తం పన్నెండుమంది పిల్లలు. ఈయన నాలుగోవాడు. తర్వాత కుటుంబం దగ్గర్లోని ఇంపూర్‌కు మారింది. ఆ కొండల్లో బాప్టిస్టు మిషన్‌కు అదే కేంద్రం. అక్కడి మిషన్‌ ఆవరణలో గుడ్డపీలికలు చుట్టి చేసిన బంతితో ఆట మొదలైంది.

1935లో తండ్రి పోయారు. అప్పటికి ఆవోకు పదిహేడేళ్లు. డాక్టరై మనవాళ్లకు వైద్యం చెయ్యమన్నది తండ్రి కోరిక. ఇలాంటి మాటలు మన ఇళ్లలోనూ ఉంటాయి. చాలావరకు ఏడాది గడిచేసరికి ఎవరికీ గుర్తుండవు. ఆవో విషయంలో మాత్రం ఆ మాట పదిహేనేళ్లు పట్టి నిజమైంది. ఆయన ఆటను అర్థం చేసుకోవాలన్నా ఈ పదిహేనేళ్ల లెక్కను పక్కన పెట్టుకునే చూడాలి.

జోర్హాట్‌లో మిషన్‌ స్కూలు చదువు, తర్వాత గౌహతిలో కాటన్‌ కాలేజీ. రెండుచోట్లా ఆటల్లో ముందుండే కుర్రాడే. ఫుట్‌బాల్‌ ఒక్కటే కాదు, అథ్లెటిక్స్‌లోనూ బహుమతులు తెచ్చుకున్నారు. గౌహతిలో మహారాణా క్లబ్‌ తరఫున ఆడుతున్నప్పుడే ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. మొదట ఆయన గోల్స్‌ కొట్టే ఫార్వర్డ్‌. అక్కడి నుంచి వెనక్కి వచ్చి మధ్య వరుసలో కుదురుకున్నారు. శరత్‌ దాస్‌ అనే స్నేహితుడు పరిచయమైందీ అక్కడే. తర్వాత కలకత్తాలో ఇద్దరూ ఒకే పెద్ద క్లబ్‌కు ఆడారు.

సెంటర్‌ హాఫ్‌ అంటే ఏంటో ఇప్పటి కుర్రాళ్లకు కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో జట్లు రెండు, మూడు, అయిదు పద్ధతిలో నిలబడేవి. వెనక ఇద్దరు బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఆ ముగ్గురిలో నడిమివాడే సెంటర్‌ హాఫ్‌. ఎదుటి జట్టు దూసుకొస్తే ముందుగా అడ్డం పడాల్సింది అతనే. బంతి దొరకగానే తమవాళ్ల దాడికి దారి చూపించాల్సిందీ అతనే. ఆట మొత్తం మీద ఎక్కువ పరిగెత్తేదీ ఎక్కువ ఆలోచించేదీ దాదాపుగా ఇతనే. స్కోరు షీట్‌లో మాత్రం పేరు అరుదుగా కనిపిస్తుంది. ఆవో ఆడింది ఈ పని.

హాస్టలు, వార్డు, మైదానం

1942లో కలకత్తాలోని కార్మైకేల్‌ మెడికల్‌ కాలేజీలో సీటు వచ్చింది. ఇప్పుడు దాన్నే ఆర్‌.జి.కర్‌ మెడికల్‌ కాలేజీ అంటున్నారు. ఆయన ఇంకా అక్కడ చదువుతుండగానే, 1948లో ఆ పేరు మారింది. చేరేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. అంటే ఇప్పుడు చాలామంది హౌస్‌సర్జన్‌ పూర్తిచేసి బయటికొచ్చే వయసులో ఆయన తొలి ఏడాది క్లాసులో కూర్చున్నారు.

మరుసటి ఏడాదే మోహన్‌ బగాన్‌ క్లబ్‌ నుంచి పిలుపు. 1911లో బూట్లు లేని కాళ్లతో బ్రిటిష్‌ సైనిక జట్టును ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్‌ గెలిచిన క్లబ్‌ అది. కలకత్తాలో ఆ చొక్కా తొడుక్కుంటే ట్రాముల్లో కూడా జనం గుర్తుపట్టే రోజులు. 1943, 1944 రెండేళ్లూ కలకత్తా లీగ్‌ను మోహన్‌ బగానే గెలిచింది. ఆవో జట్టులో పాతుకుపోయారు. కెప్టెన్‌ కూడా అయ్యారు. దాదాపు తొమ్మిదేళ్లు అదే క్లబ్‌లో ఉన్నారు.

ఆ కలకత్తా ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. చేరిన ఏడాది చివర్లోనే నగరం మీద జపాన్‌ బాంబులు పడ్డాయి. 1943లో బెంగాల్‌ కరువు వచ్చింది. తిండి కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఫుట్‌పాత్‌ల మీద చనిపోయారు. 1944లో యుద్ధం ఏకంగా ఆయన సొంత కొండల్లోకే వచ్చింది. కోహిమాలో జపాన్‌, బ్రిటిష్‌ ఇండియా సైన్యాలు వారాల తరబడి పోరాడాయి. 1946 ఆగస్టులో కలకత్తా వీధుల్లో మారణహోమం. ఆ మరుసటి ఏడాది స్వాతంత్య్రం, దాంతోపాటే విభజన. ఈ మధ్యలోనే క్లాసులు, పరీక్షలు, లీగ్‌ మ్యాచ్‌లు.

ఆటకు జీతమా? కలకత్తా ఫుట్‌బాల్‌ అప్పుడు కాగితం మీద పూర్తిగా అమెచ్యూర్‌. ఈలలు, చప్పట్లు, పేపర్లో పేరు దండిగా ఉండేవి. కెరియర్‌ అని ఇంట్లో చెప్పుకోవడానికి మాత్రం ఏమీ ఉండేది కాదు. ఈ సంగతి మనం మర్చిపోయి, ఆటా చదువా అని ఆయన ఊగిసలాడి ఉంటారని అనుకుంటాం. నా లెక్కలో మాత్రం చదువు ముందు అన్న వరుస ఆయనకు 1935లోనే ఖాయమైపోయింది. ఆ వరుసను పరీక్షకు పెట్టిన రోజు తర్వాత వచ్చింది.

ఇల్‌ఫోర్డ్‌లో ఆ సాయంత్రం

1948 లండన్‌ ఒలింపిక్స్‌. భారత్‌ తన సొంత జెండా కింద నడిచిన తొలి ఒలింపిక్స్‌. జులై 29న వెంబ్లీ స్టేడియంలో ఆరంభోత్సవం. ఆ జెండా పట్టుకుని ముందు నడిచింది ఆవో. ఒక కొండ ఊరి పాస్టరుగారి అబ్బాయి, ఇంకా డిగ్రీ చేతికి రాని స్టూడెంట్‌, కొత్త దేశం మొత్తానికి ముందు వరుసలో ఉన్నారు.

రెండు రోజులకు, జులై 31న ఇల్‌ఫోర్డ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్‌. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. మామూలు కాళ్లతో, కొందరు పట్టీలు చుట్టుకుని. చూడ్డానికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లకు అదొక వింత. ముందు ఫ్రాన్స్‌ గోల్‌ కొట్టింది. మనకు రెండు పెనాల్టీలు వచ్చాయి. రెండూ పోయాయి. ఒకటి శైలేన్‌ మన్నా, ఒకటి మహావీర్‌ ప్రసాద్‌. 70వ నిమిషంలో సారంగపాణి రామన్‌ స్కోరు సమం చేశారు. ఇక ఎక్స్‌ట్రా టైమే అనుకుంటుండగా చివరి నిమిషాల్లో ఫ్రాన్స్‌ ఇంకో గోల్‌ కొట్టింది. 2-1. అంతే, ఒక్క మ్యాచ్‌తో ఒలింపిక్స్‌ అయిపోయింది.

ఓడినా జనం మెచ్చుకున్నారు. బూట్లు ఎందుకు వేసుకోరని విలేకరులు అడిగితే, మేం ఆడేది ఫుట్‌బాల్‌, మీరు ఆడేది బూట్‌బాల్‌ అన్న అర్థంలో ఆవో చమత్కరించారని చెబుతారు. ఈ జోకు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నాలుగేళ్లకు హెల్సింకీలో చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక, మన ఫెడరేషన్‌ బూట్లు తప్పనిసరి చేసింది. కాబట్టి ఆ జోకును మరీ గర్వంగా మోయక్కర్లేదు.

ఆర్సెనల్‌ సంగతి ఈ రోజుల్లోదే. ఆవో ఆట చూసి ఆ క్లబ్‌ ఏడాది ఒప్పందం ఇవ్వజూపిందని, ఎంబీబీఎస్‌ పూర్తి చేయాలని ఆయన కాదన్నారని ఆయన గురించి రాసినవాళ్లు చెప్పేమాట. ఇది వినగానే ఇప్పటి ప్రీమియర్‌ లీగ్‌ కోట్లు కళ్ల ముందు తిరుగుతాయి. ఆగండి. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాలర్‌ జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 12 పౌండ్లు మించకూడదు. అక్కడి కార్మికుడి కూలికంటే మెరుగే. జీవితాంతం కూర్చుని తినే సొమ్ము మాత్రం కాదు. పైగా ఒప్పందం ఏడాదికే. అమెచ్యూర్‌ హోదా పోతే మళ్లీ ఒలింపిక్స్‌ ఆడటానికీ ఉండదు. ముప్ఫై ఏళ్ల హాఫ్‌బ్యాక్‌కు ఇంకెన్ని సీజన్లు మిగిలుంటాయి?

అంటే వదులుకున్నది చిన్నదా? అదీ కాదు. 1936లో కలకత్తాకే చెందిన మహమ్మద్‌ సలీం స్కాట్లండ్‌ వెళ్లి సెల్టిక్‌ క్లబ్‌కు రెండు మ్యాచ్‌లు ఆడి, ఇంటి మీద బెంగతో తిరిగొచ్చేశారు. ఆ రెండు మ్యాచ్‌ల గురించి ఇవాళ్టికీ మాట్లాడుకుంటున్నాం. ఆర్సెనల్‌ చొక్కాలో ఒక్క సీజన్‌ ఆడి ఉంటే ఆవో పేరు దేశంలో ప్రతి స్కూలు పిల్లాడికీ తెలిసేది. ఆయన జట్టుతోపాటు హాలండ్‌ టూర్‌కు వెళ్లారు. అక్కడ మనవాళ్లు అయాక్స్‌ క్లబ్‌ను ఓడించారు. ఆ తర్వాత కలకత్తా తిరిగొచ్చి పుస్తకాలు తీశారు.

ముప్ఫై రెండేళ్లకు డిగ్రీ

1950లో ఎంబీబీఎస్‌ చేతికొచ్చింది. సీటు వచ్చిన ఎనిమిదేళ్లకు. వయసు ముప్ఫై రెండు. ‘గ్యాప్‌ వచ్చింది సార్‌’ అని ఇంటర్వ్యూలో తల దించుకునేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూసుకోవచ్చు.

మరుసటి ఏడాది మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. మన ఫుట్‌బాల్‌ జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. కోచ్‌ మన హైదరాబాద్‌ మాస్టారు సయ్యద్‌ అబ్దుల్‌ రహీం. కెప్టెన్‌, లండన్‌లో పెనాల్టీ పోగొట్టిన అదే శైలేన్‌ మన్నా. లండన్‌లో ఆవోతో ఆడినవాళ్లు కొందరు ఆ రోజు మెడలో పతకాలు వేసుకున్నారు. ఆవో ఆ జట్టులో లేరు. ఆయన ఎంచుకున్న దారికి కట్టిన అసలు మూల్యం ఇదేనని నాకు అనిపిస్తుంది. ఆర్సెనల్‌ది వెళ్లి ఉంటే ఏమయ్యేదో అన్న ఊహ. ఇది కళ్లముందు జరిగింది.

ఆయన అస్సాం వెళ్లిపోయారు. దిబ్రూగఢ్‌ మెడికల్‌ కాలేజీలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో కొంతకాలం పనిచేశారు. అక్కడి నుంచి కోహిమా ఆస్పత్రికి అసిస్టెంట్‌ సివిల్‌ సర్జన్‌గా. కలకత్తాలో ప్రాక్టీసు పెట్టి ఉంటే రోగులకు కొదవుండేదా? మోహన్‌ బగాన్‌ కెప్టెన్‌ డాక్టరంటే క్యూ కట్టేవారు. కానీ తండ్రి అడిగింది కలకత్తాలో డాక్టరును కాదు.

1950ల నాటి నాగా కొండలు అంటే సాయుధ తిరుగుబాటు, సైన్యం, కర్ఫ్యూలు. యుద్ధంలో నేలమట్టమైన కోహిమా అప్పుడప్పుడే లేస్తోంది. అలాంటిచోట ప్రభుత్వ డాక్టరు ఉద్యోగం. ఈ ఏళ్ల గురించి పత్రికలు పెద్దగా రాయలేదు. ఆస్పత్రి వార్డులో చప్పట్లు ఉండవు కదా. సెంటర్‌ హాఫ్‌ పేరు స్కోరు షీట్‌లో లేనట్టే.

1963 డిసెంబరు 1న నాగాలాండ్‌ రాష్ట్రం ఏర్పడింది. కొత్త రాష్ట్రానికి ఆరోగ్య సేవల డైరెక్టర్‌ పదవి ఆవోకు దక్కింది. ఒక జిల్లా స్థాయి వైద్య ఏర్పాటును రాష్ట్ర శాఖగా నిలబెట్టే పని. డాక్టర్లు, నర్సులు, మందులు, కొండ దారుల్లో ఊళ్లకు చేరడం అన్నీ ఆ శాఖ బాధ్యతే. 1978లో రిటైరయ్యేవరకు ప్రభుత్వ సర్వీసులోనే ఉన్నారు. లెక్క వేస్తే మోహన్‌ బగాన్‌లో ఆడిన ఏళ్లకు మూడు రెట్లు ఆస్పత్రులూ ఆరోగ్య శాఖతోనే గడిచాయి. ఆసక్తి ఉన్నవాళ్లకు చిన్న సమాచారం: ఇప్పటికీ ఆయన్ను గూగుల్‌ చేస్తే ముందు వచ్చేది ఆర్సెనలే.

ఇది చదివి, ఆటల్లో అవకాశం వచ్చినవాళ్లంతా డిగ్రీ కోసం వెనక్కి రావాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు స్పోర్ట్స్‌ కోటాలు ఉన్నాయి, లీగ్‌లు ఉన్నాయి, కాంట్రాక్టులు ఉన్నాయి. ఆవో నాటికి అవేవీ లేవు. ఆయనకు ఉన్నది తండ్రికి ఇచ్చిన ఒక మాట, ఆ మాటకు తగ్గ సీటు. అవి లేని కుర్రాడు 1948లో ఆర్సెనల్‌కు వెళ్లి ఉంటే దాన్నీ తప్పుపట్టలేం.

టి.ఆవో 1998 సెప్టెంబరు 13న కన్నుమూశారు. అప్పటికి ఎనభై ఏళ్లు. శతజయంతి ఏడాది 2018లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. అస్సాంలోని కలియాబోర్‌లో ఒక స్టేడియానికి ఆయన పేరు ఉంది. గౌహతిలో, ఆయన ఫార్వర్డ్‌ నుంచి మధ్య వరుసకు మారిన రోజుల్లో చదువుకున్న కాటన్‌ కాలేజీలో ఇండోర్‌ స్టేడియానికీ ఆ పేరే పెట్టారు. అక్కడ ఇప్పుడు సాయంత్రాలు ఆడుకునేవాళ్లంతా మీ వయసువాళ్లే.