పరదేశ పాఠశాలలో ఛాత్రోపాధ్యాయుడు: ఫ్రెడరిక్ ఫ్రోబెల్

ఎల్.కె.జి., యు.కె.జి. అనే అక్షరాలు కనబడని వీధి నేడు మన పట్టణాలలో అరుదు. ఆ అక్షరాలలోని 'కె.జి.' కిండర్‌గార్టెన్ అనే జర్మను పదానికి సంక్షిప్తరూపం. పిల్లల తోట అని దాని అర్థం. ఆ పదాన్ని సృష్టించిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పేరు విద్యాశాస్త్ర గ్రంథాలన్నింటిలోను కనిపిస్తుంది. పరీక్షలకై ఆయన సిద్ధాంతాలను కంఠస్థం చేసేవారు అనేకులు. ఆ సిద్ధాంతాలకు పునాది ఎక్కడ పడిందో ఆలోచించేవారు మాత్రం తక్కువ. యౌవనంలో ఆయన స్వదేశం విడిచి, మరొక దేశంలోని పాఠశాలలో బోధిస్తూ, తానూ నేర్చుకుంటూ గడిపిన రెండేండ్లే ఆ పునాది. ఉపాధ్యాయ వృత్తిని చేపట్టగోరే మా విద్యార్థినీ విద్యార్థులకు ఆ జీవితాన్ని ఈ దృష్టితో పరిచయం చేయడం ఉచితమని భావిస్తున్నాము.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింజియా అటవీ ప్రాంతంలో, ఓబర్‌వైస్‌బాఖ్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. తొమ్మిది నెలల పసితనంలోనే తల్లి మరణించింది. తండ్రికి మతకార్యాలతో తీరిక లేదు. సవతితల్లి ఆదరణ కొద్దికాలానికే అంతరించింది. పదేండ్ల ప్రాయంలో మేనమామ ఇంటికి చేరిన తరువాతనే ఆ బాలుడు వాత్సల్యమంటే ఏమిటో ఎరిగాడు. చిన్ననాటి ఆ వెలితి ఆయన జీవితాంతం మరువలేదు. శైశవాన్ని గురించి లోకం అంతకు ముందు ఆలోచించనంత లోతుగా ఆయన ఆలోచించడానికి అది ఒక కారణం అనడంలో అతిశయోక్తి లేదు.

పదిహేనవ ఏట అటవీ ఉద్యోగి వద్ద పనినేర్వడానికి చేరాడు. అనంతరం యేనా విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు గాని, అప్పు తీర్చలేక విశ్వవిద్యాలయపు చెరసాలలో తొమ్మిది వారాలు గడపవలసివచ్చింది. చదువు మధ్యలోనే ఆగిపోయింది. పిదప భూములు కొలిచే పని, జమీందారుల వద్ద లెక్కలు వ్రాసే పని వంటివి చేశాడు. ఏ పనీ ఆయనకు తృప్తినివ్వలేదు. 1805లో, ఇరువది మూడేండ్ల వయస్సులో, వాస్తుశిల్పం అభ్యసించాలనే కోరికతో ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి వెళ్ళాడు.

అక్కడ ఆదర్శ పాఠశాల అధిపతియైన గ్రూనర్‌తో ఆయనకు పరిచయం కలిగింది. గ్రూనర్ స్విట్జర్లాండు విద్యావేత్త పెస్టలాజీ శిష్యుడు. ఈ యువకునిలోని ఉపాధ్యాయుని గుర్తించి, తన పాఠశాలలో ఉద్యోగం ఇచ్చాడు. బాలుర తరగతి ముందు నిలిచిన క్షణంలోనే తన జీవితధ్యేయం తేటతెల్లమైనట్లు ఫ్రోబెల్ అన్నగారికి లేఖ వ్రాశాడు. కాని ఉత్సాహం వేరు, బోధన వేరు. బోధించే విధానం నేర్వాలంటే గురువుకు గురువైన పెస్టలాజీని చూడవలెనని నిశ్చయించుకొని, ఆ సంవత్సరమే స్విట్జర్లాండులోని ఇవర్డన్‌కు ప్రయాణమయ్యాడు.

ఇవర్డన్ ఫ్రెంచి భాష మాట్లాడే పట్టణం. అక్కడి పురాతన దుర్గంలో పెస్టలాజీ పాఠశాల నడుస్తున్నది. యూరపు నలుమూలల నుండి బాలురు, శిక్షణార్థులు అక్కడికి వచ్చేవారు. జర్మను, ఫ్రెంచి భాషలు రెండూ ఆ గోడల మధ్య వినిపించేవి. పుస్తకాలను వల్లె వేయించడం అక్కడ లేదు. వస్తువును చూపి, తాకించి, లెక్కింపజేసి, ఆ తరువాతనే పదం నేర్పేవారు. భూగోళ పాఠం సమీపపు లోయలో నడకతో మొదలయ్యేది. చూచివచ్చిన లోయను బాలురు మట్టితో మలిచేవారు. ఫ్రోబెల్ అక్కడ ఒక పక్షం రోజులున్నాడు. ఆయన మనస్సు ఉప్పొంగింది. దానితోపాటు కలవరమూ కలిగింది. పద్ధతిలోని అంతస్సూత్రం ఏమిటని అడిగితే, స్వయంగా చూచి గ్రహించవలసినదే అని పెస్టలాజీ చెప్పేవాడు. చూచినదంతా అద్భుతంగా ఉన్నది. కాని ఒక పాఠానికీ మరొక పాఠానికీ గల సంబంధం ఆయనకు అంతుపట్టలేదు.

పక్షం రోజుల పరిచయం చాలదని ఆయన గ్రహించాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొంతకాలం బోధించి, 1806లో హోల్ట్స్‌హౌజెన్ అనే సంపన్న కుటుంబంలోని ముగ్గురు బాలురకు గృహోపాధ్యాయుడైనాడు. 1808లో ఆ శిష్యులను వెంటబెట్టుకొని మరల ఇవర్డన్ చేరి, 1810 వరకు అక్కడ నివసించాడు. ఒక పూట తన శిష్యులకు గురువు. మరొక పూట తానే విద్యార్థియై తరగతిలో కూర్చునేవాడు. నేడు ఛాత్రోపాధ్యాయులు టీచింగ్ ప్రాక్టీసు పేరిట కొన్ని వారాలు చేసే పనిని ఆయన రెండేండ్లు తపస్సువలె చేశాడు.

ఆ కాలంలో ఆయన గ్రహించినవి రెండు రకాలు. మొదటివి, స్వీకరింపదగినవి. పిల్లలు ఆరుబయట ఆడే ఆటలు వారి దేహానికే గాక మనస్సుకూ శీలానికీ బలమిస్తున్నాయని ఆయన కనుగొన్నాడు. శిశువుకు తల్లియే తొలి గురువు అనే పెస్టలాజీ భావం, తల్లిని ఎరుగని ఆ యువకుని హృదయంలో గాఢంగా నాటుకున్నది. 1809లో పెస్టలాజీ పద్ధతిని వివరిస్తూ ఒక నివేదిక వ్రాసి, తన స్వస్థలంలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టవలసిందని ష్వార్జ్‌బుర్గ్-రుడోల్‌స్టాట్ సంస్థానపు రాణికి సమర్పించాడు.

రెండవవి, ఆ పాఠశాలలోని లోపాలు. విషయాల మధ్య ఏకత్వం లేదు. కొన్ని పాఠాలు యాంత్రికంగా సాగుతున్నాయి. పైగా ఉపాధ్యాయుల మధ్య కక్షలు పెరిగి, పెస్టలాజీ వంటి కరుణామూర్తి సైతం వాటిని అణచలేకపోయాడు. మరొకరైతే నిరాశతో ఆ పద్ధతినే నిందించేవారు. లేదా భక్తితో ఆ లోపాలకు కన్నులు మూసుకునేవారు. ఫ్రోబెల్ ఈ రెండూ చేయలేదు. గురువుపై గౌరవం చెదరనీయక, గురువు వదలిన ఖాళీని పూరించడమే తన కర్తవ్యంగా ఎంచుకున్నాడు. ఆయన జీవితంలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన ఘట్టం ఇదే.

తాను వెదకే ఏకసూత్రం ప్రకృతిలో ఉన్నదని నమ్మి, గెట్టింగెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయాలలో ప్రకృతిశాస్త్రాలను అభ్యసించాడు. 1813లో నెపోలియన్‌పై జరిగిన యుద్ధంలో స్వచ్ఛంద సైనికుడుగా పాల్గొన్నాడు. యుద్ధానంతరం బెర్లిన్‌లోని ఖనిజ ప్రదర్శనశాలలో సహాయకుడై, స్ఫటికాల నిర్మాణాన్ని పరిశీలించాడు. స్ఫటికం లోపలి నియమాన్ని అనుసరించి పెరిగినట్లే, శిశువు కూడ లోపలి నుండే వికసిస్తాడని ఆయనకు తోచింది.

ఇంతలో విషజ్వరంతో అన్నగారొకరు మరణించి, ఆ పిల్లలు తండ్రిలేనివారైనారు. ఫ్రోబెల్ ఉద్యోగం విడిచి, 1816లో అన్నల కుమారులు ఐదుగురితో గ్రీస్‌హైమ్ గ్రామంలో పాఠశాల స్థాపించాడు. మరుసటి ఏడు అది కైల్‌హౌకు మారింది. 1826లో మానవ విద్యను గురించిన ఆయన ప్రధాన గ్రంథం వెలువడింది. 1831లో మరల స్విట్జర్లాండు వెళ్ళి, 1835లో బుర్గ్‌డార్ఫ్ పట్టణపు అనాథశరణాలయానికి అధిపతి అయినాడు. పూర్వం పెస్టలాజీ పాఠశాల నడిపిన ఊరే అది. బడిలో చేరేసరికే పిల్లల అమూల్యమైన తొలి సంవత్సరాలు వృథా అవుతున్నాయని అక్కడ ఆయనకు దృఢపడింది.

1837లో జర్మనీకి తిరిగివచ్చి, బ్లాంకెన్‌బుర్గ్‌లో శిశువుల కోసం సంస్థను నెలకొల్పాడు. రంగుల ఊలు బంతులు, కర్రతో చేసిన గోళం, ఘనం, స్తూపం, చిన్న దిమ్మెలు మొదలైన ఆటవస్తువులను వరుసగా అమర్చి, వాటికి కానుకలు అని పేరు పెట్టాడు. ఇవర్డన్‌లో దొరకని ఏకసూత్రం ఆ వరుసలో ఉన్నది: ప్రతి కానుక ముందటి దాని నుండి పుట్టి, తరువాతి దానికి దారితీస్తుంది. 1840లో ఆ సంస్థకు కిండర్‌గార్టెన్ అని నామకరణం చేశాడు. శిశువు మొక్క, ఉపాధ్యాయిని తోటమాలి. స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ ఇవ్వడం ఆయన చివరి సంవత్సరాల ముఖ్యకార్యం.

ఆ తోటపై పిడుగు పడింది. 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది. అన్నకుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ భావాలను ఈయనవిగా పొరబడి, నాస్తికత్వం, సామ్యవాదం బోధిస్తున్నాడని ఆరోపించింది. వృద్ధుడు చేసుకున్న విన్నపాలు ఫలించలేదు. 1852 జూన్ 21న ఆయన కన్నుమూశాడు. 1860లో నిషేధం తొలగింది. అప్పటికే శిష్యురాండ్రు ఆ విత్తనాన్ని దేశదేశాలకు కొనిపోయారు.

ఆ పరంపరలోని గాలి మన దేశానికీ సోకింది. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ బెర్లిన్‌లో చదువుకున్నారు. అక్కడ ఆయనకు పరిచయమైన గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మను మహిళ 1933లో ఢిల్లీలోని జామియా మిలియాలో చేరి, చిన్నపిల్లల విద్యకు తన జీవితాన్ని అర్పించారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె మరణించగా జామియా నేలలోనే ఖననం చేశారు.

నేడు కె.జి. అని వ్రాసిన ఫలకాల వెనుక మూడేండ్ల పసివారు బరువైన సంచులు మోయడం, అక్షరాలు దిద్దలేక కంటతడి పెట్టడం మనం చూస్తున్నాము. ఆ పేరు మిగిలింది. ఆట, తోట మాయమైనాయి. దీనిని సరిదిద్దవలసిన భారం రేపటి ఉపాధ్యాయులదే. విద్యార్థి మిత్రులారా! మీరు శిక్షణకై ఏ పాఠశాలకు వెళ్ళినా, దానిని హాజరుపట్టీలో సంతకం చేసే తంతుగా భావించకండి. అక్కడ మంచిని వినయంతో స్వీకరించండి. కొరతను ధైర్యంతో గుర్తించండి. ఆ కొరత తీర్చే పనిలోనే మీ జీవితకార్యం దాగి ఉండవచ్చును.