ఊరు ఎన్నుకున్న జపాటా

1909 సెప్టెంబరు. మెక్సికో దేశం, మొరెలోస్ రాష్ట్రంలో అనెనెక్విల్కో అనే చిన్న ఊరు. ఊరి పెద్దలు ముసలివాళ్లయిపోయారు. చెరకు తోటల భూస్వాములతో ఇక పోట్లాడలేమని జనాన్ని పోగుచేసి చెప్పేశారు. జనం ఓటేసి ముప్పయ్యేళ్ల ఎమిలియానో జపాటాను ఎన్నుకున్నారు. ఊరి భూముల పాత దస్తావేజులు అతని చేతిలో పెట్టారు.

కాగితాలు పట్టుకు తిరిగితే ఒరిగిందేమీ లేదు. 1910లో ఊరివాళ్లే తుపాకులతో వెళ్లి పొలాల్లో దిగారు. లాక్కున్న భూములు ఊళ్లే స్వాధీనం చేసుకోవాలంటూ 1911లో అయాలా ప్రణాళిక వెలువడింది.

జపాటాది జీతాల సైన్యం కాదు. ఏ ఊరి దళం ఆ ఊరిదే. తిండి ఊళ్లే పెట్టేవి. విత్తనాల వేళకి తుపాకి పక్కనబెట్టి నాగలి పట్టేవారు. అలాంటివాళ్లను ఆజ్ఞలతో నడపడం కుదరదు, ఒప్పించాలి. ఒప్పించలేకపోయిన సందర్భాలూ లేకపోలేదు. 1915లో డబ్బొచ్చే చెరకు వేయమని ఎంత చెప్పినా రైతులు మొక్కజొన్న, చిక్కుళ్లే వేశారు. ఆకలి ఎరిగినవాళ్లు మరి! జపాటా బలవంతపెట్టలేదు.

ఆ ఏడే భూములు కొలవడానికి రాజధాని నుంచి కుర్ర ఇంజనీర్లు వచ్చారు. సరిహద్దు రాతిగోడ వంకరగా పోతే కొలతా వంకరగానే పోవాలన్నాడు జపాటా. పటంలో గీత తిన్నగా ఉంటే ఎవరిక్కావాలి?

1919 ఏప్రిల్ 10న చినామెకాలో, తమ పక్షానికి వస్తానని నమ్మించిన సైనికాధికారి గువహార్డో మనుషులు అతన్ని కాల్చి చంపారు. నాయకుడు పోతే అంతా చెదిరిపోతుందని సర్కారు లెక్క. ఆ సెప్టెంబరులోనే దళనాయకులు కూర్చుని, ఓట్లేసి, హిల్డార్డో మగాన్యాను ఎన్నుకున్నారు. 1920లో వచ్చిన కొత్త ప్రభుత్వంతో మాట్లాడుకుని మొరెలోస్ ఊళ్లకు భూములు రాబట్టింది వాళ్లే.